గోవిందవర్మ మహారాజు – మూసీతీర విహారము

ఉపోద్ఘాతము

దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్.బి.నగరమునకు పోవు రాజమార్గమున చైతన్యపురి యను పేట గలదు. ఆ మార్గమును విడిచి మూసీనది యొడ్డునకు దిగినచో ఫణిగిరి కాలనీయందు కొసగుండ్ల నరసింహస్వామి ఆలయము కనబడును. ఆలయసమీపమున, నదిని జూచుచున్నట్లు నిలిచిన గుండుపై బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషాశాసన మొకటి చెక్కబడి యున్నది. 1980 దశకమున పురావస్తుశాఖ పండితులు, ముఖ్యముగ శ్రీ పి.వి.పరబ్రహ్మశాస్త్రిగారు, దీనిని పరిశీలించి లోకమునకు తెలిపిరి. హైదరాబాదు నగరపరిధిలో ఇంతవరకు తెలిసిన శాసనములలో ఇదియే ప్రాచీనతమమని చరిత్రకారుల అభిప్రాయము. ఆ శాసనమునందు గోవిందరాజవిహార మను పేరు గలదు. ఆ గోవిందరాజు విష్ణుకుండినవంశీయుడైన మొదటి గోవిందవర్మ యని శాసనలిపిని, నామమును, తామ్రశాసనముల సాక్ష్యమును కలిపి పండితులు నిర్ణయించిరి.

గోవిందవర్మ పేరు ఆంధ్రదేశచరిత్ర చదివిన విద్యార్థుల కెల్లరకు పరిచితమే. ఐనను వారి పాఠ్యగ్రంథములలో ఆయన కొక వాక్యము మాత్రమే దక్కును: వైదికధర్మావలంబులైన విష్ణుకుండినులలో ఈయన బౌద్ధాభిమాని యని. ఒక రాజు తన పితృపితామహుల మార్గమునుండి వేఱొక మార్గమునకు మరలుట స్వల్పవిషయము కాదు. ఆయన ఏమి విని మరలెను? మరలిన పిమ్మట దేనిని విడిచెను, దేనిని విడువకుండెను? ఆయన కుమారుడు ఏమి చేసెను? ఈ ప్రశ్నలకు శాసనములనుండియు, బౌద్ధాగమములనుండియు లభించు సమాధానములను క్రమముగ విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

వంశము – కాలము

విష్ణుకుండినులు అను నామము వినుకొండనుండి వచ్చినదని చరిత్రకారులు తలంతురు. వీరు తమ శాసనములలో తాము శ్రీపర్వతస్వామి పాదభక్తులమని చెప్పుకొనిరి. శ్రీపర్వతమన శ్రీశైలమని కొందఱును, నాగార్జునకొండ లోయ యని కొందఱును చెప్పుదురు. ఇక్ష్వాకుల శాసనములలో విజయపురికి ఆశ్రయమైన పర్వతము శ్రీపర్వతమే యగుటచేత రెండవ పక్షమునకును బలము గలదు. వీరి ప్రధాన రాజధానులలో ఇంద్రపాలనగర మొకటి. అది నేటి యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేట సమీపమున గల తుమ్మలగూడెము. అచటనే 1960 దశకమున రెండు తామ్రశాసనములు వెలుగులోనికి వచ్చినవి. శ్రీ బి.ఎన్.శాస్త్రిగారు వానిని ప్రకటించి, అదివఱకు అస్పష్టముగ నుండిన వంశక్రమమును చాలవరకు సరిదిద్దిరి. ఆ రెండింటిలో మొదటిది గోవిందవర్మది. రెండవది ఆయన వంశమున పిమ్మట వచ్చిన విక్రమేంద్రభట్టారకవర్మది.

ఈ శాసనముల ననుసరించి ఇంద్రవర్మ వంశకర్త. అతని కుమారుడు మొదటి మాధవవర్మ. మాధవవర్మ కుమారుడు గోవిందవర్మ. ఈయనకు విక్రమాశ్రయు డను బిరుదము గలదు. రాజుల సంఖ్యాక్రమమున, సంవత్సరనిర్ణయమున పండితులలో భేదాభిప్రాయము లున్నను, గోవిందవర్మ క్రీస్తుశకము ఐదవ శతాబ్దివాడను విషయమున పెద్ద వివాదము లేదు. ఆయన పాలనము దీర్ఘమైనది. తామ్రశాసనము ఆయన ముప్పదియేడవ రాజ్యసంవత్సరమున వ్రాయబడినది. కావున ఆయన యౌవనమున సింహాసన మధిష్ఠించి, ఆ దానము చేయునాటికి వార్ధక్యమున ప్రవేశించి యుండును.

ఆయన జన్మించిన లోక మెట్టిదో గుర్తుంచుకొనవలెను. అప్పటికి శతాబ్దికి పూర్వమే ఇక్ష్వాకుల ప్రాభవ మస్తమించెను. ఐనను వారు చూపిన ఒక మర్యాద ఈ దేశమున నిలిచియుండెను. ఇక్ష్వాకు శాంతమూలుడు అగ్నిష్టోమ వాజపేయ అశ్వమేధములు చేసిన యజ్వ. ఆయన సోదరి శాంతిశ్రీ నాగార్జునకొండయందు మహాచైత్యమును నిర్మింపజేసిన ఉపాసిక. ఒకే గృహమున అగ్నిహోత్రమును, చైత్యవందనమును కొనసాగుట ఆంధ్రులకు కొత్త గాదు. ఐతే ఇక్ష్వాకులలో ఆ ధర్మభారమును వహించినవారు ముఖ్యముగ రాజాంతఃపుర స్త్రీలు. రాజు తానే బుద్ధశాసనమును స్వీకరించి, దానిని తన ప్రశస్తిలో చెప్పుకొనుట విష్ణుకుండినులలో గోవిందవర్మతో ఆరంభమైనది.

పరమభట్టారికా మహాదేవి

గోవిందవర్మ దేవి పరమభట్టారికా మహాదేవి. ఆమె ఇంద్రపాలనగరమున ఒక మహావిహారమును కట్టించెను. భర్త చేసిన దానము ఆ విహారమునకే. శతాబ్ది గడచిన పిమ్మట వంశీయుడు చేసిన దానమును ఆ విహారమునకే. కావున గోవిందవర్మ ధర్మపరివర్తనమునకు మూలము ఈమె యని ఊహించుట అసంగతము కాదు. శాంతిశ్రీ వంటి స్త్రీల పరంపర ఆమెయందు కొనసాగినది. రాజు విహారమును కట్టించి రాణి పేరు పెట్టుట లోకమున కనబడును. ఇచట రాణి కట్టించెను; రాజు దానికి గ్రామములిచ్చి దాని భిక్షువులకు దాతయైనాడు. ఈ భేదమును గమనింపవలెను. దాంపత్యమున ధర్మమునకు ముందడుగు ఎవరు వేసిరో తామ్రశాసనమే తెలుపుచున్నది.

గోవిందవర్మ వినిన ధర్మము

ఇంతకును ఆ రాజదంపతులు వినిన ధర్మ మేది? దీనిని చెప్పుటకు ముందు ఒక మాట నిజాయితీగ చెప్పవలసియున్నది. మావంటి పాఠశాలా విద్యార్థులు బుద్ధమతమును బౌద్ధగ్రంథములనుండి నేర్చినవారము కాము. బ్రహ్మసూత్రముల తర్కపాదమున, న్యాయగ్రంథముల పూర్వపక్షములలో, మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహము రెండవ ప్రకరణమున దానిని చదివితిమి. ఖండించుట కొఱకే ఎదుట నిలిపిన ప్రతివాదిగ మాత్రమే బౌద్ధుడు మాకు పరిచితుడు. పూర్వపక్షమునుండి ఒక దర్శనమును తెలిసికొనుట, వాదియొక్క అర్జీనుండి ప్రతివాది స్వభావమును తెలిసికొనుట వంటిది. ఈ వ్యాసకర్త అఱువదేండ్లు దాటిన పిమ్మట మూలగ్రంథముల జోలికి పోయి, తాను అదివఱకు శిష్యులకు చెప్పినదానిలో కొంత సరిదిద్దుకొనవలసివచ్చినది. కావున ఇచట ఖండనమండనములు లేక, ఆ ధర్మము తన్ను తాను ఎట్లు చెప్పుకొనునో అట్లే చెప్పుట యుక్తము.

సారనాథమున శాక్యముని చేసిన ప్రథమోపదేశమునకు ధర్మచక్రప్రవర్తన మని పేరు. అందలి సారము నాలుగు ఆర్యసత్యములు. దుఃఖము కలదు, దానికి హేతువు కలదు, దాని నిరోధము కలదు, ఆ నిరోధమునకు మార్గము కలదు. ఇది వైద్యుని క్రమము. రోగము, రోగహేతువు, ఆరోగ్యము, ఔషధము అని చికిత్సాశాస్త్రమున నాలుగు వ్యూహములు. యోగసూత్రములకు వ్యాసభాష్యమును చదివినవారికి ఈ నాలుగింటి విభాగము పరిచితమే. అచట హేయము, హేయహేతువు, హానము, హానోపాయము అని చెప్పబడినది. బుద్ధుడు దుఃఖవాది యని చెప్పువారు మొదటి సత్యము వద్దనే ఆగిపోయినవారు. వైద్యుడు రోగము కలదని చెప్పిన మాత్రమున నిరాశావాది కాడు. రోగము నయమగునని మూడవ సత్యము, దానికి ఔషధ మిది యని నాలుగవ సత్యము చెప్పుచున్నవి.

దుఃఖమునకు హేతువు తృష్ణ. అది కామతృష్ణ, భవతృష్ణ, విభవతృష్ణ యని మూడు విధములు. అనుభవింపవలెనను దాహము, ఉండవలెనను దాహము, లేకపోవలెనను దాహము. ఈ మూడవదానిని చెప్పుటలో బుద్ధుని సూక్ష్మదృష్టి తెలియును. తన్ను తాను నాశనము చేసికొనవలెనను కోరికయు తృష్ణయే యని చెప్పినవాడు శూన్యమును కోరుమని చెప్పడు.

నాలుగవ సత్యము అష్టాంగమార్గము. సమ్యగ్దృష్టి, సమ్యక్సంకల్పము అను రెండును ప్రజ్ఞ. సమ్యగ్వాక్కు, సమ్యక్కర్మాంతము, సమ్యగాజీవము అను మూడును శీలము. సమ్యగ్వ్యాయామము, సమ్యక్స్మృతి, సమ్యక్సమాధి అను మూడును సమాధి. శీలమున చిత్తము స్థిరపడును; స్థిరమైన చిత్తమున ప్రజ్ఞ ఉదయించును; ప్రజ్ఞచేత తృష్ణ తెగును. ఒక గృహస్థుడైన ఉపాసకునికి బుద్ధధర్మసంఘములను శరణుపొందుట మొదటి మెట్టు. హింస, చౌర్యము, కామమిథ్యాచారము, అసత్యము, మద్యపానము అను అయిదింటిని విడుచుట రెండవ మెట్టు. రాజైనను ఉపాసకుడే, ఈ అయిదు నియమములు అతనికిని తప్పవు. దండము ధరింపవలసిన రాజునకు హింసావర్జన మెంత కఠినమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

పై ఉపదేశమునకు అడుగున నున్న సిద్ధాంతము ప్రతీత్యసముత్పాదము. ఏ వస్తువును తనంతట తాను పుట్టదు. హేతుప్రత్యయముల కలయికచేత పుట్టును. అవి తొలగిన తానును తొలగును. అవిద్య, సంస్కారములు, విజ్ఞానము, నామరూపములు, షడాయతనములు, స్పర్శ, వేదన, తృష్ణ, ఉపాదానము, భవము, జాతి, జరామరణములు అని పండ్రెండు అంగములుగ ఈ క్రమము చెప్పబడినది. ఒకటి మఱియొకదానికి ప్రత్యయము. గొలుసు చూచుటకు దృఢముగ నున్నను, వేదనకును తృష్ణకును నడుమ దానిని తెంపవచ్చును. సుఖమో దుఃఖమో కలుగుట మన చేతిలో లేదు. కలిగినదానివెంట దాహము పరుగెత్తకుండ చూచుట మన చేతిలోనే యున్నది. సాధనయంతయు ఆ సందునందే జరుగును.

ఈ సిద్ధాంతమునుండియే మూడు లక్షణములు వచ్చినవి: సంస్కృతధర్మము లన్నియు అనిత్యములు, అనిత్యమైనది దుఃఖము, సర్వధర్మములును అనాత్మములు. రూప వేదనా సంజ్ఞా సంస్కార విజ్ఞానములను అయిదు స్కంధముల సముదాయమునకే జీవుడని వ్యవహారము. వానికి వెలుపల నిత్యమైన ఆత్మ యొకటి లభింపదు. మూసీనది పేరు అదే, గట్టు అదే, నిన్నటి నీరు నేడు లేదు. ఐనను నిన్నటి వరద కోసిన యొడ్డు నేడును కోసియే యుండును. అట్లే నిత్యాత్మ లేకున్నను కర్మఫలము నశింపదు. సంతానక్రమమున అది సాగును.

ఇచట ఉపనిషన్మార్గమునకును బౌద్ధమార్గమునకును నిజమైన భేదము గలదు. శాంతము, వైరాగ్యము, కరుణ రెండింటను సమానమని చెప్పి ఆ భేదమును కప్పిపుచ్చుట రెండు దర్శనములకును అపచారమే. వేదాంతి నిత్యమైన ఆత్మను తెలిసికొని తరించును; బౌద్ధుడు అట్టి ఆత్మ యొకటి కలదను పట్టును విడిచి తరించును. గోవిందవర్మ ఈ భేదమును ఎఱుగకయే మరలెనని తలంచుట ఆయన విజ్ఞతను తక్కువచేయుట యగును.

పిండపాతికులు

ఇపుడు మరల మూసీతీరపు గుండు వద్దకు రావలెను. ఆ శాసనమునందు పిండపాతికుల ప్రస్తావన గలదు. ఈ చిన్నపదము చాల విషయములు చెప్పును. భిక్షువునకు ప్రవ్రజ్యాసమయమున నాలుగు నిశ్రయములు చెప్పబడును: భిక్షాన్నము, దుమ్ముపాలైన గుడ్డపేలికల చీవరము, చెట్టుమొదట నివాసము, గోమూత్రాదికమైన ఔషధము. వీనికి మించి లభించునదంతయు అదనపు లాభము. ఈ అదనపు లాభములను వలదని కఠినవ్రతమును పూనువారు ధూతగుణధారులు. సంస్కృతగ్రంథములలో ఈ గుణములు 12, పాళీగ్రంథములలో 13. అందు పిండపాతికవ్రత మొకటి. ఈ వ్రతము గలవాడు విందునకు పిలిచినను పోడు. విహారమున వండిన సంఘభోజనమును గ్రహింపడు. పాత్ర చేతబట్టి ఇంటింటికి పోయి, పెట్టినది పుచ్చుకొని, మధ్యాహ్నమునకు పూర్వమే భుజించును.

దీనినిబట్టి రెండు విషయములు సిద్ధించుచున్నవి. మొదటిది: అట్టి భిక్షువు ప్రతిదినము కాలినడకను పోయి రాదగిన దూరమున గ్రామము ఉండితీరవలెను. గృహస్థులు లేనిచోట పిండపాతికుడు ఒక వారమైనను జీవింపలేడు. కావున పదునైదు శతాబ్దులకు పూర్వమే నేటి చైతన్యపురి పరిసరములలో, మూసీ యొడ్డున, పొయ్యి వెలిగించి అన్నము వండి, వాకిట నిలిచిన భిక్షువు పాత్రలో ఇంత వేసిన కుటుంబములు ఉండెను. ఈ నగరచరిత్రను కుతుబ్‌షాహీల 1591వ సంవత్సరమునుండి మాత్రమే లెక్కించువారు ఈ ఒక్క పదమును ఆలోచింపవలెను. ఆ గ్రామముపేరు తెలియదు. ఆ గృహిణుల పేర్లు తెలియవు. వారు పెట్టిన అన్నము మాత్రము శిలాక్షరములలో పరోక్షముగ నిలిచినది.

రెండవది: రాజనామము ధరించిన విహారమున కఠినవ్రతులు నివసించిరి. రాజాశ్రయమున భోగము పెరిగి భిక్షువులు చెడిరని బౌద్ధక్షీణతకు కారణము చెప్పుట సాధారణమైపోయినది. అది కొన్నిచోట్ల నిజము కావచ్చును. మూసీతీరమున మాత్రము రాజు పేరు విహారమునకు వచ్చినను, భిక్షువు చేతి పాత్ర పోలేదు. గోవిందవర్మ ఎట్టివారిని ఆదరించెనో దీనివలన తెలియును.

మఱియొక విశేషము. రాజు తామ్రశాసనము సంస్కృతమున నున్నది. భిక్షువుల శిలాశాసనము ప్రాకృతమున నున్నది. రాజాస్థానభాష అప్పటికే సంస్కృతమైనను, గుండు చెక్కించినవారు జనులకు దగ్గఱయైన పాతభాషనే పట్టుకొనిరి. ఒకే రాజునకు సంబంధించిన రెండు శాసనములలో రెండు భాషలు, రెండు లోకములు కనబడుచున్నవి.

బోధిచిత్తము

గోవిందవర్మ కేవలము దాతయేనా, సాధకుడు కూడనా అను ప్రశ్నకు తామ్రశాసనమే ఉత్తరమిచ్చును. ఆయన మహాబోధిచిత్తము నుత్పాదించినవాడని అందు వర్ణితుడు. ఇది మహాయానపరిభాష. తన దుఃఖవిముక్తి మాత్రమే కాక, సమస్తప్రాణుల విముక్తి కొఱకు బుద్ధత్వమును పొందెదనను సంకల్పమునకు బోధిచిత్తమని పేరు. ఆ సంకల్పము చేసినవాడు బోధిసత్త్వుడు. అతనికి దానము, శీలము, క్షాంతి, వీర్యము, ధ్యానము, ప్రజ్ఞ అను ఆఱు పారమితలు అభ్యసనీయములు. వీనిలో దానము మొదటిది, ప్రజ్ఞ చివరిది. ఐనను ప్రజ్ఞ లేనిచో దానము పారమిత కాజాలదని మహాయానాచార్యుల సిద్ధాంతము. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు, ఇచ్చిన వస్తువు అను మూడింటియందును నాది యను పట్టు విడిచిన దానమే పారమిత.

పట్టు విడుచుట యన నేమి? ఆంధ్రదేశమున శ్రీపర్వతముతో సంబంధముగలవాడని ప్రసిద్ధిగాంచిన ఆచార్య నాగార్జునుడు దీనినే శూన్యతయని వివరించెను. శూన్యమనగా లేమి యని, సర్వనాశమని మేము బాల్యమున చదివితిమి. ఆయన మూలమధ్యమకకారికలలో ప్రతీత్యసముత్పన్నమైనదే శూన్యమని అర్థము చెప్పెను. వస్తువు ఇతరముల నాశ్రయించి యుండుటయే దాని శూన్యత. స్వతంత్రమైన స్వభావము దానికి లేదని మాత్రమే భావము. విత్తనమునకు స్వతంత్రస్వభావ ముండినచో అది ఎన్నటికిని విత్తనముగనే యుండవలెను, మొలక కాజాలదు. శూన్యమగుటచేతనే విత్తనము మొలకయగును, అజ్ఞుడు ప్రాజ్ఞుడగును. ఈ దృష్టితో చూచిన శూన్యవాదము నాస్తికము గాక, మార్పునకు ఆశ చూపు సిద్ధాంతమగును. ఒక రాజు తన సింహాసనమును, కీర్తిని, కోశమును ఈ దృష్టితో చూడగలిగిన, దానము అతనికి కష్టము కాదు.

ముప్పదియేడవ సంవత్సరపు దానము

గోవిందవర్మ తన ముప్పదియేడవ రాజ్యసంవత్సరమున వైశాఖపూర్ణిమనాడు మహాదేవి కట్టించిన విహారమునకు రెండు గ్రామములను దానము చేసెను. తిథిని గమనింపవలెను. రాజులు సామాన్యముగ సంక్రాంతులందు, గ్రహణములందు దానము చేయుదురు. వైశాఖపూర్ణిమ బుద్ధుని పుణ్యతిథి. ఈ తిథిని ఎన్నుకొనుటలోనే ఆయన హృదయము కనబడుచున్నది.

దానము ఎవరికి? విహారమున నివసించు నలువురు భిక్షువులకు కాదు; చాతుర్దిశ సంఘమునకు. అనగా నాలుగు దిక్కులనుండి వచ్చు, ఇప్పుడున్న, ఇకముందు రాబోవు భిక్షువుల కెల్లరకు. ఈ భావన బౌద్ధవినయమున చాల గొప్పది. సంఘద్రవ్యము ఏ ఒక్క భిక్షువుదియు కాదు. దానిని పంచుకొనుటకు, అమ్ముటకు ఎవరికిని అధికారము లేదు. సింహళమునుండి వచ్చిన భిక్షువైనను, గాంధారమునుండి వచ్చిన భిక్షువైనను ఆ రాత్రి అచట పడుకొనుటకు అర్హుడే.

విహారములకిచ్చు దానములు సామాన్యముగ మూడు ప్రయోజనములకు వినియుక్తములు. బుద్ధపూజకు దీపధూపపుష్పములు ఒకటి. భిక్షువుల అన్నవస్త్రములు, శయనాసనములు, రోగులకు ఔషధములు రెండవది. విఱిగినదానిని, బీటలువాఱినదానిని బాగుచేయుట మూడవది. ఈ మూడవదానిని ప్రాచీనులు ఎన్నడును మఱువలేదు. కట్టునాడే అది శిథిలమగునని వారికి తెలియును. సర్వము అనిత్యమని నమ్మినవారు మరమ్మత్తునకు ధనము ప్రత్యేకించి యుంచిరి. అనిత్యతాజ్ఞానము వారిని ఉదాసీనులను చేయలేదు, జాగరూకులను చేసినది.

ఆ దానమునకు పిమ్మట గోవిందవర్మను గూర్చిన కాలనిర్దేశముతో కూడిన వార్త మఱియొకటి లేదు. చరిత్రకు ఆయన చివరిసారి కనబడునది ఆ వెన్నెలరాత్రియందే.

కుమారుడు – వంశపరంపర

గోవిందవర్మ కుమారుడు మాధవవర్మ. ఈయన విష్ణుకుండినులలో మహాపరాక్రమశాలి. వాకాటకరాజపుత్రికను వివాహమాడెను. ఈయన పదునొకండు అశ్వమేధములు, సహస్రక్రతువులు, హిరణ్యగర్భమహాదానము చేసినట్లు ఈపూరు శాసనము చాటుచున్నది. ప్రాణిహింసను వర్జించుట తండ్రి స్వీకరించిన మొదటి శీలము. పశ్వాలంభనముతో కూడిన క్రతువులు కుమారుని కీర్తి. తండ్రి చేసిన ధర్మపరివర్తనమునకు కుమారుడు చేసిన ప్రత్యాఖ్యానమా ఇది? పైకి అట్లే తోచును. శ్రోత్రియకులమున పుట్టినవారికి మాధవవర్మ ప్రియుడు. బౌద్ధాభిమానులకు గోవిందవర్మ ప్రియుడు. ఒకరిని పొగడుటకు మఱియొకరిని తగ్గించి వ్రాసినవారును కలరు.

కాని నిర్ణయమునకు పూర్వము మూడవ సాక్షిని పిలువవలెను. ఇంద్రపాలనగరపు రెండవ తామ్రశాసనము శకసంవత్సరము 488, అనగా క్రీస్తుశకము 566 నాటిది. దానిని వేయించిన విక్రమేంద్రభట్టారకవర్మ మాధవవర్మకు ప్రపౌత్రుడు. పల్లవసింహుని జయించి మరలివచ్చిన ఈ రాజు, తన వంశమున పూర్వము గోవిందవర్మ దేవి కట్టించిన ఆ మహావిహారమునకే ఒక గ్రామమును దానము చేసెను. ఆ రాజే తన చిక్కుళ్ల శాసనమున సోమగిరీశ్వరనాథుడను శివునకు దాన మొసంగెను.

ఈ సాక్ష్యమునుండి తేలున దేమి? నడుమ గడచినది నూఱేండ్లకు పైబడిన కాలము. ఆ కాలమున సింహాసనముపై కూర్చున్నవారిలో పదునొకండు అశ్వమేధములు చేసిన యజ్వ కలడు. విహారమును కూలద్రోయుటకు, గ్రామములను మరల తీసికొనుటకు అతనికి శక్తి గలదు. అతడు అట్లు చేయలేదు. చేసియుండినచో ప్రపౌత్రుని దానము స్వీకరించుటకు 566లో విహారమే యుండెడిది కాదు. యజ్ఞశాలలో హోమధూమము లేచిన నగరముననే తల్లి కట్టించిన విహారమున దీపము వెలిగెను. మాధవవర్మ తండ్రి మార్గమును అనుసరింపలేదు. తండ్రి దానమును మాత్రము రక్షించెను. సిద్ధాంతమున విభేదించుట వేఱు, ధర్మకార్యమును చెఱుచుట వేఱు అను వివేకము ఆ గృహమున నుండెను. పూర్వపక్షమును ఖండించు పండితునికిని ఇదియే ఆదర్శము కావలెను.

గోవిందవర్మయు తన పూర్వుల మార్గమును దూషించినట్లు శాసనములలో లేదు. ఆయన మరలుట ద్వేషమువలన కాదు, శ్రద్ధవలన. అందుచేతనే ఆయన తరువాతివారు ఆయన పేరును తమ వంశావళిలో గౌరవముతో నిలిపిరి.

ఉపసంహారము

గోవిందవర్మ జీవితమున మనకు దక్కినవి రెండే వస్తువులు: కొన్ని రాగిఱేకులు, ఒక గుండు. ఱేకులు భద్రముగ చదువబడి, ముద్రింపబడి పండితులకు చేరినవి. గుండు మాత్రము మన ఇండ్ల నడుమ నున్నది. 2018వ సంవత్సరమునుండి దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్.బి.నగరము వఱకు మెట్రోరైలు పోవుచున్నది. చైతన్యపురి యను స్థానకమున ప్రతిదినము వేలకొలది జనులు దిగుచున్నారు. ఆ స్థానకమునకు కాలినడక దూరముననే పిండపాతికుల గుండు గలదని వారిలో ఎందఱికి తెలియును? పట్టణము పెరిగి ఇండ్లు ఆ శిల చుట్టును క్రమ్ముకొన్నవి. దానిని రక్షింపుడని చరిత్రాభిమానులు పలుమాఱు విన్నవించిరి.

ఈ పేటలలో సంస్కృతము, తెలుగు చదువు విద్యార్థులు పలువురు కలరు. వారు పరీక్షకొఱకు విష్ణుకుండినుల వంశవృక్షమును కంఠస్థము చేయుదురు. ఒక ఉదయమున వారిని ఆ గుండు వద్దకు తీసికొనిపోయి, నాలుగు బ్రాహ్మీ అక్షరములను చూపి, పిండపాతికుడన ఎవరో చెప్పినచో, ఆ పాఠము పరీక్షతో ముగియదు. శాసనము మీద రంగు పూయరాదని, మొల కొట్టరాదని, దానికి ఆనించి గోడ లేపరాదని ఆ వీథివారికి ఆ విద్యార్థులే చెప్పగలరు.

విఱిగినదానిని బాగుచేయుటకు గ్రామముల ఆదాయమును ప్రత్యేకించిన కాలపు రాజునకు మనము చేయవలసిన ప్రత్యుపకారము గొప్పది కాదు. ఆయన మతమును స్వీకరింపనక్కఱలేదు. ఆయన కుమారుడును స్వీకరింపలేదు. కుమారుడు కాపాడినంత మనమును కాపాడిన చాలును. ఒకనాడు ఇచ్చటి గృహిణులు తమ వాకిట నిలిచిన భిక్షువును రిక్తహస్తముతో పంపలేదు. నేడు ఆ భిక్షువు గుర్తు మన వాకిటనే నిలిచియున్నది.